వంతులు రెండు, క్యూ ఒక్కటి

2024 మేలో భువనేశ్వర్ దగ్గర వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కు తెరిచిన దగ్గర్నుంచి వైజాగ్‌లో సెలవులు వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న చెవినపడుతోంది. "పెద్దోడికి పన్నెండేళ్లు, చిన్నదానికి మూడు. వెళ్లొచ్చంటారా?" వందేభారత్ ఎక్కితే ఆరు గంటల లోపు ప్రయాణం, హైదరాబాద్ కంటే దగ్గర, కాబట్టి అడగడం సహజమే. దానికొచ్చే జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. "చిన్నదాన్ని అమ్మమ్మ దగ్గర వదిలేసి వెళ్లండి. లేదంటే మీ ఇద్దర్లో ఒకరు రోజంతా దాన్నెత్తుకుని బెంచీ మీద కూర్చోవాల్సిందే."

ఈ సలహా ఇచ్చేవాళ్లు మంచికే చెబుతున్నారు. నాకు మాత్రం ఇది పార్కులు చెయ్యాల్సిన పనిని తీసుకెళ్లి అమ్మమ్మ నెత్తిన పెట్టడంలా ఉంది. ఎత్తు చాలని పిల్లని రైడ్ ఎక్కనివ్వకూడదన్న నిబంధన నూటికి నూరుపాళ్లూ సబబు. ఆ పిల్లతో ఒక పెద్దమనిషి కింద ఆగాలన్నదీ సబబే. అలా ఆగినవాళ్లు, ముందువాళ్లు దిగొచ్చాక మళ్లీ తోక దగ్గర్నుంచి క్యూ కట్టాలనడం మాత్రం ఏ రకంగానూ సబబు కాదు. కుటుంబం ఒకసారి క్యూలో నిలబడింది. ఆ ఒక్క క్యూతో ఇద్దరి వంతులూ చెల్లాలి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇంత చిన్న విషయానికి ఇంత రాయాలా అంటే రాయాలి, ఎందుకంటే దీని మీద వచ్చే అభ్యంతరాల్లో కొన్ని నిజంగా ఆలోచించాల్సినవి.

ముందు ఇది ఎన్నాళ్ల సమస్యో చూద్దాం. "ఒకట్రెండేళ్లు ఓపిక పడితే పిల్లలు పెద్దవుతారు" అంటారు. ఎత్తు లెక్క వేస్తే అలా తేలదు. వండర్‌లాలో 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టికెట్ లేదు, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆపైన పెద్దల టికెట్. పెద్ద రైడ్లు కొన్నిటికి ఆ 140 దాటాల్సిందే. స్కూట్ విమానమెక్కి సింగపూర్ యూనివర్సల్ స్టూడియోస్‌కి వెళ్లే మనవాళ్లకి అక్కడ ట్రాన్స్‌ఫార్మర్స్ రైడ్‌కి 102, మమ్మీకి 122, బ్యాటిల్‌స్టార్ గెలాక్టికాకి 125 సెంటీమీటర్లు కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికల్లో చూస్తే పిల్లలు రెండేళ్లకి సుమారు 86, నాలుగేళ్లకి 103, ఏడేళ్లకి 121, పదేళ్లకి 138 సెంటీమీటర్ల దగ్గర ఉంటారు. అంటే 140 దాటేసరికి పదో ఏడు నిండి పదకొండో ఏడు నడుస్తుంటుంది. ఇద్దరు పిల్లల మధ్య నాలుగేళ్ల తేడా ఉంటే, పెద్దది పుట్టిన దగ్గర్నుంచి చిన్నవాడు ఆ గీత అందుకునేదాకా ఇంచుమించు పద్నాలుగేళ్లు. ఇన్నేళ్లూ ఆ ఇంట్లోవాళ్లు ఎప్పుడు పార్కుకి వెళ్లినా ఎవరో ఒకరు కింద నిలబడాలి. పద్నాలుగేళ్లంటే ఓపిక పట్టి గడిపెయ్యగల సమయం కాదు.

రోజు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. పార్కు 11 నుంచి 6 దాకా, మధ్యలో తిండికి ఒక గంట, మిగిలింది 6 గంటలు అనుకుందాం. రద్దీ రోజున ఒక రైడ్‌కి 45 నిమిషాల క్యూ, ఎక్కి దిగడానికి 5 నిమిషాలు. విడివిడిగా క్యూ కడితే నాన్నకి 50, అమ్మకి 50, వెరసి 100 నిమిషాలకి ఒక రైడ్ పూర్తి. 6 గంటల్లో మూడు రైడ్లు, మూడున్నర. అదే క్యూ ఒక్కటే అయితే 45, పైన ఇద్దరికీ అయిదేసి, పిల్లని ఒకరి చేతిలోంచి ఒకరు అందుకోవడానికి ఇంకో అయిదు, అంతా కలిపి 60 నిమిషాలు. అదే సమయంలో ఆరు రైడ్లు. రెండు సందర్భాల్లోనూ చెల్లించిన టికెట్ మాత్రం ఇద్దరికీ పూర్తి టికెట్టే.

రెండు పద్ధతులు

ఇది కొత్తగా కనిపెట్టాల్సిందేమీ కాదు. డిస్నీ పార్కుల్లో రైడర్ స్విచ్ అంటారు, యూనివర్సల్ పార్కుల్లో చైల్డ్ స్వాప్ అంటారు. రెండిటి ఉద్దేశమూ ఒకటే, నడిచే తీరు వేరు. ఆ తేడా తెలిస్తే మన పార్కుల్ని ఏం అడగాలో తెలుస్తుంది.

డిస్నీ పద్ధతిలో కుటుంబమంతా రైడ్ గేటు దగ్గరికి వెళ్లి, ఎత్తు చాలని పిల్లని అక్కడి ఉద్యోగికి చూపించాలి. ఉద్యోగి ఆగేవాళ్ల టికెట్ స్కాన్ చేస్తారు. మొదటి జట్టు మామూలు క్యూలో వెళ్తుంది. రెండోవాళ్లు పిల్లతో ఎక్కడైనా తిరగొచ్చు. పిల్లకి తినిపించొచ్చు, చిన్న రైడ్ ఎక్కించొచ్చు. మొదటి జట్టు దిగొచ్చాక రెండోవాళ్లు డబ్బు కట్టినవాళ్లు వెళ్లే పొట్టి వరసలో లోపలికి వెళ్తారు. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఆ రెండో జట్టుకి ముగ్గురి పరిమితి ఉంది, కాబట్టి పెద్దపిల్లాడు అమ్మతో మరోసారి ఎక్కొచ్చు.

యూనివర్సల్ పద్ధతిలో చిన్నపిల్లతో సహా అందరూ ఒకే క్యూలో చివరిదాకా నడుస్తారు. రైడ్ ఎక్కే వేదిక పక్కన ఒక గది ఉంటుంది. ఒకరు ఎక్కుతుంటే రెండోవాళ్లు పిల్లతో ఆ గదిలో కూర్చుంటారు. వాళ్లు దిగి అక్కడికే వస్తారు, పిల్లని అందుకుంటారు, రెండోవాళ్లు ఎక్కేస్తారు. కాగితం, స్కానింగ్, పాసు ఏమీ అక్కర్లేదు.

పసిపిల్లతో 45 నిమిషాలు ఉక్కపోతలో క్యూ కట్టక్కర్లేదు కాబట్టి తల్లిదండ్రులకి డిస్నీ పద్ధతి సుఖం. మన పార్కుల్లో వెంటనే మొదలుపెట్టడానికి మాత్రం యూనివర్సల్ పద్ధతే నయం. యాప్ రాయించక్కర్లేదు, స్కానర్లు కొనక్కర్లేదు. దిగే వేదిక నుంచి ఎక్కే వేదికకి ఒక చిన్న తలుపు, నాలుగు కుర్చీలు, రెండు ఫ్యాన్లు, తాగే నీళ్లు, ఆపరేటర్‌కి పై నుంచి ఒక మాట ఉంటే సరిపోతుంది. చాలా రైడ్లకి ఎక్కే వేదిక, దిగే వేదిక ఎదురెదురుగానే ఉంటాయి, మధ్యలో పట్టాలు మాత్రం అడ్డం. కాబట్టి పట్టాలు దాటనివ్వకుండా చుట్టూ తిప్పి తీసుకొచ్చే దారి ఒకటి గీసుకోవాలి. అసలు పని అక్కడే ఉంది, అదీ పెద్ద పనేం కాదు.

వెనక నిలబడ్డవాళ్ల మాటేంటి

మొదటి అభ్యంతరం ఇది. ఎండలో గంట నుంచి నిలబడ్డ మనిషి కళ్లముందే ఒకావిడ పక్క తలుపులోంచి వచ్చి సీట్లో కూర్చుంటే కోపం రావడం న్యాయమే. ఆ కోపాన్ని కొట్టిపారెయ్యలేం.

అయితే ఆ ఇంట్లో చిన్నపిల్లే లేదనుకోండి. అమ్మా నాన్నా ఇద్దరూ క్యూలో ఆ మనిషికి ముందే ఉండేవారు, ఇద్దరూ ముందే ఎక్కేవారు. పిల్ల ఉండటం వల్ల ఒకరు ఎక్కి, మరొకరు అయిదు నిమిషాలు ఆలస్యంగా ఎక్కారు. వాళ్లు తీసుకున్న సీట్లు అప్పుడూ రెండే, ఇప్పుడూ రెండే. వెనకాయన ఎక్కే సమయం మారలేదు. యూనివర్సల్ పద్ధతిలో అందరూ కలిసే క్యూ కడతారు కాబట్టి ఈ లెక్క అందరికీ కనిపిస్తుంది కూడా. డిస్నీ పద్ధతిలో రెండోమనిషి నిజంగా క్యూలో నిలబడలేదు, అందుకని అక్కడ వెనకవాళ్ల అభ్యంతరానికి కొంచెం బలం ఎక్కువ. కానీ ఆవిడా ఆ సమయమంతా ఇంకో పెద్ద రైడ్ క్యూ కట్టలేక కిందే గడిపింది.

నిజంగా అదనంగా పోయే సీటు ఒక్కటే, రెండుసార్లు ఎక్కే పెద్దపిల్లాడిది. దాన్ని దాచకుండా లెక్కేద్దాం. 24 సీట్ల కోస్టర్ మూడు నిమిషాలకి ఒకసారి బయల్దేరితే గంటకి 480 మంది. గంటకి పది కుటుంబాలు వంతుల పద్ధతి వాడుకుని, ప్రతి ఇంట్లోనూ ఒక పిల్లాడు రెండోసారి ఎక్కాడనుకున్నా పది సీట్లు. నూటికి రెండు. పైగా ప్రతి ట్రిప్పులోనూ జంటలు, ముగ్గురేసి జట్లు కూర్చోగా మిగిలిపోయే ఒంటరి సీట్లు ఎలాగూ ఉంటాయి. వంతు మార్చుకునే మనిషి ఒంటరిగా వచ్చినప్పుడు ఆవిణ్ణి అలాంటి సీట్లో కూర్చోబెడితే చాలాసార్లు ఎవరి సీటూ పోదు. ఆ నూటికి రెండూ బరువనుకుంటే పిల్లాడి రెండో ట్రిప్పు వద్దనండి, ఒప్పుకుంటాను. అమ్మ వంతు మాత్రం తీసెయ్యకండి.

రెండో అభ్యంతరం, మనవాళ్లు దీన్ని దుర్వినియోగం చేస్తారని. పక్కవాళ్ల పిల్లని చంకనేసుకుని పదిమంది వంతులడుగుతారని. మనవాళ్లేం, ఎవరైనా చేస్తారు. డిస్నీ ఒకప్పుడు కాగితం పాసులిచ్చేది, వాటిని దాచుకుని తీరిగ్గా వాడుకునేవాళ్లు తయారయ్యారు. దాంతో కాగితం మానేసి వంతుని టికెట్‌కే ముడిపెట్టారు. దుర్వినియోగం జరిగిందని పద్ధతినే ఎత్తెయ్యలేదు, చిల్లు ఎక్కడుందో చూసి పూడ్చారు. గదిలో కూర్చోబెట్టే పద్ధతిలో అసలు ఆ చిల్లే లేదు. దాచుకోవడానికి చేతికి ఏమీ ఇవ్వరు, పిల్ల కళ్లెదుటే ఉంటుంది, ఒక పిల్లకి ఒక పెద్దమనిషి అని ఆపరేటర్ చూసి చెప్పగలడు.

మూడోది పైకి ఎవరూ అనరు కానీ లోపల ఉంటుంది. క్యూ తప్పించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్లు అమ్ముకునే పార్కు ఇలాంటి దారి ఉచితంగా ఎందుకిస్తుంది? నా జవాబు, ఆ టికెట్లు కొనేవాళ్లూ ఈ దారి కావాల్సినవాళ్లూ ఒకరు కారు. ఫాస్ట్‌ట్రాక్ కొనేవాళ్లు సమయం కొనుక్కుంటున్నారు. మూడేళ్ల పిల్లతో వచ్చిన దంపతులు చాలామంది ఆ డబ్బు పెట్టరు. వాళ్ల దగ్గరున్న దారి ఒక్కటే, పిల్ల పెద్దయ్యేదాకా రాకపోవడం. ఆ ఇంట్లో నలుగురూ రాకపోతే నాలుగు టికెట్లు, నాలుగు భోజనాలు పోయాయి. పార్కువాళ్లు వేసుకోవాల్సింది ఆ లెక్క.

ఎత్తు కర్ర దగ్గర బేరాలొద్దు

వంతుల పద్ధతి లేకపోవడం వల్ల వచ్చే అసలు ప్రమాదం ఇక్కడుంది. మళ్లీ క్యూ కట్టాలంటే ఎవరికైనా నీరసమే, అందుకని ఎలాగోలా పిల్లనే ఎక్కించేద్దామని చూస్తారు. రైడ్ గేటు దగ్గర కాసేపు నిలబడితే చాలు, కనిపిస్తుంది. పిల్లకి నడినెత్తిన పిలక ఎత్తుగా కట్టి ఉంటుంది. ఉద్యోగి కొలకర్ర దగ్గర నిలబెట్టి, అరచేత్తో పిలకని అణచి చూస్తాడు. రెండు వేళ్లు తక్కువ. వాళ్ల నాన్న "రెండు సెంటీమీటర్లే కదా తమ్ముడూ, నేను గట్టిగా పట్టుకుంటాలే" అంటాడు. తల్లి "మడమలెత్తమ్మా" అని చెవిలో చెబుతుంది. పిల్ల మడమలెత్తుతుంది, ఉద్యోగి కిందకి చూస్తాడు, వెనక క్యూ విసుక్కుంటుంది, పిల్ల ఏడుపందుకుంటుంది.

ఆ రెండు సెంటీమీటర్లు ఎందుకు ముఖ్యమో చెప్పేవాళ్లు ఉండరు. ఒళ్లో పడే కడ్డీ ఇద్దరికీ కలిపి ఒకటే ఉన్న రైడ్లలో, అది పక్కనున్న పెద్దమనిషి తొడకి తగలగానే ఆగిపోతుంది. పిల్ల తొడలు సన్నం కాబట్టి దాని ఒడికీ కడ్డీకీ మధ్య బెత్తెడు ఖాళీ మిగులుతుంది. రైడ్ గుట్ట దాటి ఒక్కసారి కిందకి దిగేటప్పుడు ఒళ్లు సీటు మీంచి లేస్తుంది. పెద్దవాళ్లని కడ్డీ ఆపుతుంది, పిల్లని ఆ ఖాళీ ఆపదు. భుజాల మీంచి దిగే పట్టీలున్న రైడ్లలో ఎత్తు తక్కువైతే ఆ పట్టీలు భుజానికి ఆనవు, మెడకీ చెవులకీ తగులుతుంటాయి. తలతిప్పే వేగానికి పసిమెడ తట్టుకోలేదు. ఇక "గట్టిగా పట్టుకుంటా" అన్న మాట. తలకిందులుగా తిప్పే రైడ్‌లో తన చెయ్యి ఎక్కడుందో తనకే తెలియని మనిషి పిల్లని ఏం పట్టుకుంటాడు?

అందుకే కొలకర్ర దగ్గర ఒక్క సెంటీమీటర్ కూడా బతిమాలొద్దంటాను. ఇంటి దగ్గరే గోడకి ఆనించి, చెప్పుల్లేకుండా, జుట్టు విప్పి కొలవండి. పొద్దున లేచినప్పుడు ఉన్న ఎత్తు సాయంత్రానికి ఒక సెంటీమీటర్ దాకా తగ్గుతుంది, నిలబడీ తిరిగీ వెన్నుపూసల మధ్య మెత్తటి డిస్కులు అణగడం వల్ల. సరిగ్గా గీత మీదున్న పిల్ల పొద్దున అర్హురాలై సాయంత్రం కాకుండా పోవచ్చు. ఆ రైడ్ ముందే ఎక్కించండి. చాలదని తేలితే ఆ మాట రైలెక్కకముందే పిల్లకి చెప్పెయ్యండి. గేటు దగ్గర నలుగురిలో వినాల్సొస్తే పిల్లలకి అది ఎత్తు విషయంలా ఉండదు, తననొక్కదాన్నే బయటికి నెట్టినట్టుంటుంది.

కింద ఉండేది ఎప్పుడూ ఎవరు

వంతులని అంటాం కానీ, చాలా ఇళ్లలో వంతు మారదు. "నువ్వు ముందెళ్లొచ్చెయ్, నేను గుంటని సూస్తాను" అని ఇల్లాలే అంటుంది. ఆయన వెళ్తాడు, పెద్దోడితో దిగొస్తాడు. అప్పటికి క్యూ రెట్టింపైపోయి ఉంటుంది. ఆవిడ దాన్నొకసారి చూసి "ఇప్పుడేటెళ్తానులే, మీరు సూసొచ్చేరు కదా" అంటుంది. నాలుగు రైడ్లకీ ఇలాగే జరుగుతుంది. ఎవరూ ఆవిణ్ణి వద్దనలేదు. మొదటి వంతు వదులుకున్న ప్రతిసారీ రెండో వంతు ఖరీదు పెరిగిపోయింది, అంతే. రెండో వంతుకి క్యూ అక్కర్లేకపోతే ఆవిడ ఆ మాట అనాల్సిన అవసరమే ఉండదు. నాకు ఈ పద్ధతి మీద ఇంత పట్టుదల ఉండటానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్లినప్పుడు ఇది మరీ ఎక్కువ. బావలూ తమ్ముళ్లూ అంతా ముందు, వదినలూ మరదళ్లూ తర్వాత అని తెలీకుండానే జట్లు ఏర్పడిపోతాయి. జట్టు అలా కట్టకండి. ప్రతి జట్టులోనూ ఆడవాళ్లూ, మగవాళ్లూ ఉండేలా విడదీసి, ఒక రైడ్‌కి ముందెళ్లిన జట్టు తర్వాతి రైడ్‌కి వెనక వెళ్లాలి. పార్కు ఏ పద్ధతీ ఇవ్వకపోయినా ఈ ఒక్క నియమం పెట్టుకుంటే సగం అన్యాయం పోతుంది.

అమ్మమ్మ సంగతి వేరు. "నాకీ తిరుగుళ్లెందుకమ్మా, మీరెళ్లండి" అని నిజంగానే మనస్ఫూర్తిగా కూర్చునే పెద్దవాళ్లున్నారు. వాళ్లు ఉంటే మంచిదే. కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషికి పరిగెత్తే మూడేళ్ల పిల్లనప్పజెప్పి అందరూ ఒకేసారి గంటసేపు కనబడకుండా పోకూడదు. పెద్దావిడ ఉన్నా ఒకరు కింద ఉండాల్సిందే. ఇంట్లో గర్భవతి ఉంటే ఆవిడకి ఏ వంతూ ఉండదు, ఎప్పుడూ కిందే. కాబట్టి పిల్ల బాధ్యత మొత్తం ఆవిడదని మాత్రం అనుకోకండి.

అసలు తీసుకెళ్లకపోతేనే మంచిదన్న సందర్భాలూ ఉన్నాయి. ఏడాది నిండని బిడ్డని మే నెలలో, భువనేశ్వర్‌లో 40 డిగ్రీలు దాటే ఎండలో తిప్పడం ఏ వంతుల పద్ధతీ బాగుచెయ్యలేనిది. ఆ మాటతో నాకు పేచీ లేదు. డిసెంబర్లో వెళ్లండి.

పద్ధతి లేనిచోట మీరే నడుపుకోవాలంటే

ముందు అడగండి. టికెట్ కౌంటర్లో అడిగితే చాలామందికి తెలియదు. రైడ్ గేటు దగ్గర ఆపరేటర్నే అడగాలి, అదీ క్యూలోకి వెళ్లకముందు. "పాపకి ఎత్తు చాలదు, మేం ఒకరి తర్వాత ఒకరం ఎక్కుతాం. ఆయన దిగాక నన్ను దిగే దారిలోంచి రానిస్తారా?" అని అడిగితే ఒప్పుకునే ఆపరేటర్లు ఉంటారు. ఒప్పుకోకపోతే వాదన పెట్టుకోవద్దు, అతని చేతిలో ఉన్నది కాదు. పార్కు కార్యాలయానికి రాతపూర్వకంగా రాయండి.

ఒంటరిగా ఎక్కేవాళ్లకి వేరే సింగిల్ రైడర్ వరస ఉన్న పార్కుల్లో రెండోమనిషి ఆ వరస పట్టుకోవడం అన్నిటికంటే సులువు. ఎలాగూ ఒంటరిగానే ఎక్కుతారు. ఫాస్ట్‌ట్రాక్ లాంటిది మనిషికొకటి చొప్పున అమ్మే చోట ఇంటిల్లిపాదికీ కొనకుండా ఒక్కరికే కొనుక్కుంటే, రెండో వంతుకి ఎప్పుడూ ఆ మనిషే వెళ్లొచ్చు. ఇవి ఉపాయాలే. న్యాయంగా దొరకాల్సిన దానికి డబ్బు కట్టడం నాకు ఇష్టం లేదు, కానీ రోజు గడవాలి కదా.

చెయ్యి మారేచోట గందరగోళం ఎక్కువ. రైడ్ ఎక్కేవాళ్లు ఫోన్, కళ్లద్దాలు, పర్సు, చెప్పులు అన్నీ కిందున్నవాళ్లకి ఇచ్చేస్తారు. ఇక ఫోన్ చేసుకునే దారి లేదు. "ఇక్కడే ఉంటాం" అంటే ఏ ఇక్కడో తెలియదు, ఎందుకంటే రైడ్ ఎక్కే దారి ఒకపక్క, దిగే దారి ఇంకోపక్క. దిగే గేటుకి ఎదురుగా ఉన్న వస్తువేదైనా, ఐస్‌క్రీం బండో నీళ్ల కుళాయో, పేరు పెట్టి చెప్పుకోండి. పిల్ల బాత్రూం అంటే వెళ్లి మళ్లీ అక్కడికే రావాలి. పిల్ల సంచీ, పాలసీసా, డైపర్లు, లాకర్ తాళం ఎప్పుడూ పిల్లతోనే ఉండాలి, మనిషితో కాదు. లాకర్ తాళం జేబులో పెట్టుకుని తండ్రి క్యూలోకి పోతే, పిల్ల తడిబట్టలతో అరగంట వణుకుతుంది.

తిరగలిలా తిప్పే రైడ్ దిగగానే పిల్లని ఎత్తుకోవద్దు. కాళ్లు తేలుతున్నాయని మీకు తెలిసేలోపు తూలుతారు. అయిదు నిమిషాలు కూర్చుని, నీళ్లు తాగి, అప్పుడు అందుకోండి. రెండోవాళ్లు అయిదు నిమిషాలు ఆగితే కొంపేం మునగదు. పాలిచ్చే తల్లి అయితే పాలిచ్చాక ఎక్కాలి. పిల్ల నిద్రపోయే వేళ తెలుసు కాబట్టి పెద్ద క్యూలున్న రైడ్లు ఆ వేళకి పెట్టుకుంటే, కిందున్నవాళ్లకి పని తేలిక.

నీళ్ల రైడ్లు ఎప్పుడూ చివరికే. తడిసిన మనిషి పిల్లని ఎత్తుకుంటే పిల్లా తడుస్తుంది, రెండోవాళ్లు పొడిబట్టలతో ఎక్కి వాళ్లూ తడుస్తారు, ఆ తర్వాత ముగ్గురూ తడిబట్టలతో తిరగాలి. పొడి రైడ్లన్నీ ఇద్దరివీ అయ్యాకే నీళ్లవైపు వెళ్లాలి. నీళ్ల దగ్గర కిందుండే మనిషికి పిల్లని చూడటం ఒక్కటే పని. వీడియో తియ్యడం వాళ్ల పని కాదు. రుషికొండలో ఒకరు జెట్ స్కీ మీద వెళ్తే ఒడ్డున రెండోమనిషి ఫోన్ పట్టుకుని వాళ్లనే చూస్తూ ఉంటారు, పిల్ల కెరటాల దగ్గరికి నడుస్తుంది. మన తీరంలో కెరటం వెనక్కి లాగే ఊపు మోకాలి లోతు నీళ్లలోనే పెద్దవాళ్లని కూల్చేస్తుంది. వీడియో లేకపోయినా పర్లేదు.

మన ఊళ్లో

కైలాసగిరి మీద టాయ్ ట్రైన్‌కీ రోప్‌వేకీ ఈ గొడవ లేదు, ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కుతారు. వైజాగ్‌లో వంతుల అవసరం ఎక్కువగా పడేది బీచ్ రోడ్డు దగ్గర పెట్టే ఎగ్జిబిషన్లలో. జెయింట్ వీల్, పడవలా ఊగే కొలంబస్, బ్రేక్ డాన్స్, టోరా టోరా అన్నీ ఒకే మైదానంలో. ఇక్కడ రోజంతటికీ ఒక టికెట్ కాదు, రైడ్‌కో టికెట్. క్యూ ఎక్కువగా టికెట్ కౌంటర్ దగ్గరే. కాబట్టి ఇద్దరి టికెట్లూ ఒకేసారి కొనేసుకుంటే సగం పని అయిపోయినట్టే. తర్వాత రైడ్ నడిపే కుర్రాడికి ముందే చెప్పాలి, "తమ్ముడూ, ఈయన దిగాక నేనెక్కుతాను" అని. వాళ్లు కాదనరు, వాళ్లకి సీటు నిండటమే కావాలి. జెయింట్ వీల్‌కి మాత్రం బరువు ఎదురెదురుగా సరిపోయేలా తొట్లు నింపుతారు కాబట్టి ఒక్క మనిషిని వెంటనే ఎక్కించలేకపోవచ్చు, ఒక రౌండు ఆగాలి.

ఎగ్జిబిషన్లో ఎత్తు కర్ర ఉండదు. అక్కడ వినిపించేది వేరే మాట: "ఒళ్లో కూర్చోబెట్టుకోండి మేడమ్, ఏం కాదు." ఆ మాట వినొద్దు. కొలంబస్ పైకి లేచి ఆగినచోట ఒళ్లోని పిల్ల బరువు మీ ఒడి మీద ఉండదు, ఒక్క క్షణం గాల్లో ఉన్నట్టే. మీ రెండు చేతులూ అప్పటికే కడ్డీని పట్టుకుని ఉంటాయి. పిల్లని కింద ఉంచండి, ఒకరు ఎక్కండి, తర్వాత ఇంకొకరు ఎక్కండి. పిల్ల పేరు మీద టికెట్ ముందే కొనేసి ఉంటే వాపసు అడగండి. ఇవ్వకపోతే ఆ టికెట్ మార్చి దాన్ని బేబీ ట్రైన్ ఎక్కనివ్వమనండి, అది మాత్రం చాలాచోట్ల ఒప్పుకుంటారు.